ఏ లోపమూ లేదు

సోమవారం పొద్దున షెడ్డు తలుపు సగం పైకి లేచేసరికి ఆ సందులోంచి ఒక జత చెప్పులు, మడిచిన తడి గొడుగు కనబడ్డాయి. మేస్త్రీ తలుపును పూర్తిగా పైకి తోశాడు. లెక్కల టీచరమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక, లాగుడు లారీ మీద ఆమె కారు. రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. ఇరవై ఏళ్ల బండి. దాని ఎరుపు ఎండకు కొంత వెలిసింది గానీ నడుము వంపు మాత్రం ఇంకా చెడలేదు.

"నడుపుకుంటూ రావచ్చు కదా టీచర్ గారూ, రెండు వీధులకి లారీ దేనికి?"

"నడపడం మానేశాను," అందామె. సంచిలోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పింది. "ఇది మీ సంతకమేనా?"

అతనిదే. రెండు నెలల కిందటిది. 'వాహనమును పరీక్షించితిమి. ఏ లోపమూ లేదు.' కింద షెడ్డు ముద్ర, ముద్ర మీదికి ఎక్కిన అతని పేరు.

ఆ సంగతి అతనికి గుర్తుంది. ఒక వాన తెల్లవారుజామున ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఈ కారు ఉన్నట్టుండి నెమ్మదించింది. వెనకాలే మోటార్ సైకిల్ మీద రొట్టెల పెట్టెలు కట్టుకుని వస్తున్న ఒకాయన గుద్దుకుని పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అంత వానలో, అంత ఎత్తులో ఎందుకమ్మా బ్రేకు వేశావని అందరూ ఆమెనే అడిగారు. వెయ్యలేదు, బండే బలం పోయి కూలబడిందని ఆమె చెప్పింది. నిజమేనేమో చూసి చెప్పమని పోలీసులు కారును ఈ షెడ్డుకే పంపారు. అతను కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించాడు. తప్పేమీ చూపలేదు. ఇంజిన్ మీద చెయ్యి ఆనించాడు. వీధి చుట్టూ ఒకసారి తిప్పాడు. మొత్తం ఇరవై నిమిషాలు.

చెయ్యి ఆనించి జబ్బు చెబుతాడని అతన్ని అందరూ నాడి మేస్త్రీ అంటారు. షెడ్డు అతని బావది. కొత్తగా ఎవరొచ్చినా బావ ఆ మాట చెప్పకుండా వదలడు. "మా బావమరిది చెయ్యి వేశాడంటే వేసినట్టే" అంటాడు.

"శుక్రవారం విచారణ ఉంది," అంది టీచరమ్మ. "లైసెన్సు తీసేస్తారట. తీసేస్తే తియ్యనీండి. అది కాదు నా బాధ. అంతకుముందు కూడా రెండుసార్లు ఇలాగే అయింది మేస్త్రీ గారూ. పసుపు దీపం వెలిగి, ఎంత తొక్కినా కదలదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోతుంది. ఆ రోజూ అదే అయిందనుకున్నాను. అందరూ బ్రేకు బ్రేకు అంటుంటే ఇప్పుడు నాకే నమ్మకం పోయింది. పడుకున్నాక మంచం పట్టీ మీద కుడికాలు నొక్కి చూసుకుంటున్నాను, అప్పుడు ఎక్కడ పెట్టానా అని."

ఆ మాట అంటుంటే చెప్పులో ఆమె కుడిపాదం వేళ్లు ముడుచుకోవడం అతను చూశాడు.

"కారు బాగవ్వక్కర్లేదు. నా కాలు ఏం చేసిందో చెప్పండి, చాలు."

లోపలి గదిలోంచి బావ టీ గ్లాసుతో బయటికొచ్చాడు. "టీచర్ గారూ, చూసి రాసిచ్చేశాం కదండీ. మళ్లీ మళ్లీ చూస్తే లేని జబ్బు పుట్టుకొస్తుందా?"

"దింపించండి, చూస్తాను," అన్నాడు మేస్త్రీ. ఎందుకన్నాడో అతనికే తెలియదు. బావ గ్లాసులోకి చూసుకుంటూ, "అంత తీరుబడిగా ఉన్నావన్నమాట," అని లోపలికెళ్లిపోయాడు.

ఆ పూట మళ్లీ స్కానర్ తగిలించాడు. మళ్లీ ఖాళీ. డ్రైవర్ సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డును చూస్తూ ఉండిపోయాడు. గడియారం సరిగ్గానే నడుస్తోంది. దాన్ని సరిచేసింది తనే. ఆ రోజు కారు వచ్చినప్పుడు అది ఏదో తప్పు టైం చూపిస్తుంటే, పోనీ పాపం అని తిప్పి పెట్టాడు. అది ఎందుకు తప్పిందని మాత్రం అడగలేదు. ప్రమాదం దగ్గర ఎవరో బ్యాటరీ వైరు పీకేసి ఉంటారు. పీకితే గడియారంతో పాటు కంప్యూటర్ జ్ఞాపకమూ తుడుచుకుపోతుంది. తుడిచిన పలకను చూసి, దీని మీద ఏమీ రాసి లేదు అని తను సంతకం పెట్టాడు.

ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాడు.

మంగళవారం పనంతా వానతో మొదలుపెట్టాడు. మూడుసార్లూ వానలోనే అయిందని ఆమె చెప్పింది కాబట్టి, ఎక్కడో నీళ్లు దిగుతున్నాయనుకున్నాడు. గొట్టంతో బానెట్ మీద, చక్రాల పైన, అద్దం అంచుల్లో నీళ్లు కొట్టాడు. ఇంజిన్ తిరుగుతుండగా వైర్ల కట్టలను ఒక్కొక్కటీ వేళ్లతో కదిలించాడు. ఈ కారులో యాక్సిలరేటర్ నుంచి ఇంజిన్‌కు తీగ ఉండదు. పెడల్ కింద రెండు సెన్సార్లుంటాయి. కాలు ఎంత నొక్కిందో రెండూ విడివిడిగా కంప్యూటర్‌కు చెబుతాయి. ఇద్దరు సాక్షుల మాటా కలిసిందా సరే. కలవకపోతే అది నడిపేవాళ్లను నమ్మడం మానేస్తుంది. గాలిదారి మూసేసి, ఇంటిదాకా పాక్కుంటూ పోవడానికి సరిపడా శక్తి మాత్రం వదులుతుంది. పుస్తకాల్లో దాన్ని లింప్ మోడ్ అంటారు, షెడ్డులో కుంటి నడక అంటారు.

స్కానర్ తెర మీద రెండు గీతలూ కవలపిల్లల్లా పక్కపక్కనే లేచాయి, పక్కపక్కనే దిగాయి. అలా యాభైసార్లు తొక్కాడు. మధ్యాహ్నానికి అతని చొక్కా తడిసి ముద్దయింది గానీ కారు తుమ్మను కూడా తుమ్మలేదు.

భోజనం డబ్బా పట్టుకొచ్చిన అక్క అతన్ని చూసి, "కారుకి స్నానం చేయిస్తున్నావా, నువ్వు చేస్తున్నావా?" అంది. షెడ్డు కాగితాలూ ముద్రా అన్నీ చూసేది ఆవిడే. తువ్వాలు అతని మీదికి విసిరి, గొంతు తగ్గించింది. "మీ బావ చిరాగ్గా ఉన్నారు. ఒకసారి లేదని రాశాక ఉందని తేలితే మన పరువేం కావాలి అంటున్నారు. తొందరగా తేల్చెయ్."

"తేల్చడానికే కదక్కా చూస్తున్నా."

"ఆయన తేల్చడమంటే వేరే," అని గిన్నె మూత తీసింది.

బుధవారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు వెళ్లి టీచరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. డ్రైవర్ సీట్లో కూర్చోమంటే ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంజిన్ వెయ్యను. తాళం నా జేబులో ఉంది, చూడండి. ఆ పొద్దున కూర్చున్నప్పట్నుంచి మీ చేతులు ఏమేం చేశాయో అవి చెయ్యండి, అంతే."

ఆమె కూర్చుంది. కాళ్లను పెడల్స్‌కి దూరంగా ముడుచుకుంది. కాసేపు చేతులు ఒళ్లోనే ఉన్నాయి. తరవాత మెల్లగా ఎడమ చెయ్యి లేచింది. "లైట్లు," అంది. "వైపర్. పెద్ద వాన కదా, వేగం పెంచాను. అద్దానికి ఆవిరి పట్టింది, బ్లోయర్ పూర్తిగా తిప్పాను. వెనకేమీ కనబడక, ఇదిగో, వెనక అద్దం వేడెక్కే బొత్తాం." బోర్డు మీద లెక్క చేస్తున్నట్టు ఒక్కొక్క మెట్టూ చెప్పి ఆగింది.

మేస్త్రీ కిటికీ మీదికి వంగి వింటున్నవాడల్లా నిటారుగా లేచాడు. "ఇవన్నీ ఒకేసారి ఎప్పుడు వేస్తారు?"

"ఎప్పుడేమిటి, వానలోనే. ఎండలో వైపర్ ఎవరేస్తారు?"

రెండు రోజులుగా తను వెతికింది నీళ్ల కోసం. తప్పు నీళ్లది కాదు. వాన పడితే మనిషి బండిలో ఉన్న కరెంటు సామాను మొత్తం వేస్తాడు. ఆ బరువు ఎక్కడో మోయలేని చోటు ఒకటుంది.

"పక్క సీట్లోకి జరగండి," అన్నాడు. "ఫ్లైఓవర్ దాకా వెళ్లొద్దాం."

బయట ఎండ పెళపెళలాడుతోంది. ఆ ఎండలో లైట్లు వేసి, పొడి అద్దం మీద వైపర్ కీచుమని అరుస్తుండగా, బ్లోయర్ హోరులో ఎర్ర కారు వీధిలోకి వచ్చింది. జనం ఆగి చూశారు. ఒకాయన, వాన ఏ ఊళ్లో కురుస్తోందని కేక కూడా వేశాడు. టీచరమ్మ నవ్వలేదు. రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని కూర్చుంది. మొదటిసారి ఎక్కి దిగారు. ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి వెనక ఏ బండీ లేకుండా చూసుకుని, గేరు తగ్గించి, ఎక్కే దారి మధ్యలో కుడి మలుపు దగ్గర గట్టిగా తొక్కాడు. ఇంజిన్ ఒక్కసారి ఒరిగి మూలిగింది. పసుపు దీపం వెలిగింది. ఎవరో వెనక నుంచి తోక పట్టి లాగినట్టు కారు కూలబడింది. ఇద్దరూ ముందుకు తూలారు.

"టీచర్ గారూ, నా కాలు చూడండి!"

ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"కళ్లు తెరిచి కిందికి చూడండి. నా కుడికాలు దేనిమీద ఉంది?"

ఆమె వంగి చూసింది. అతని బూటు యాక్సిలరేటర్‌ను నేలకు అదిమిపెట్టి ఉంది. పక్కన బ్రేకు పెడల్ ఖాళీగా ఉంది. కారు నత్తలా పాకుతోంది. వెనక ఎక్కడో హారన్లు మొదలయ్యాయి.

"యాక్సిలరేటర్ మీద," అంది. మళ్లీ వంగి చూసి, "దాని మీదే ఉంది," అంది. తన మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని, దిగేదాకా తియ్యలేదు.

ఆమెను ఇంటి దగ్గర దింపి వచ్చాక, ఈసారి కారును ఆపలేదు, బ్యాటరీ ముట్టుకోలేదు. స్కానర్ తగిలిస్తే ఇద్దరు సాక్షుల మాటా కలవలేదని రాసి ఉంది. ఇక మిగిలింది ఎక్కడ అన్నదే. అన్ని దీపాలూ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ మీద పెట్టాడు. అంకె దాదాపు సున్నా ఉండాలి. ఉంది కూడా. ఇనుప కడ్డీతో ఇంజిన్‌ను కొంచెం పక్కకు ఎత్తాడు, మలుపులో ఒరిగినట్టు. అంకె ఒక్క గెంతులో రెండు వోల్టుల దగ్గరికి పోయింది. కడ్డీ వదిలితే మళ్లీ దిగింది. ఎర్తు. ఇంజిన్‌ను బండి ఒంటికి కలిపే ఎర్తు పట్టీ. అది సరిగా తగలకపోతే సెన్సార్లు చెప్పే అంకెలు తప్పుతాయి.

ఆ పట్టీ కుడివైపు మడ్‌గార్డు లోపలి రేకుకు బిగించి ఉంటుంది. టార్చి వేశాడు. బోల్టు తల మీద పసుపు చుక్క కనబడింది.

తను బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టడం అతని అలవాటు. బిగించాను, ఇక చూడక్కర్లేదు అని దానర్థం. ఈ షెడ్డులో ఇంకెవరూ పెట్టరు.

పానాతో బోల్టు విప్పాడు. పట్టీ ఊడి వచ్చింది. దాని వెనక రేకు మీద ఎర్ర రంగు నున్నగా, కొత్తగా మెరుస్తోంది. రంగు మీద గుండ్రంగా వాషరు అచ్చు. ఎక్కడా ఇనుము బయటపడలేదు. ఇన్నాళ్లూ కరెంటంతా బోల్టు మరల సందులోంచే ఏదో అలా ఈడ్చుకొచ్చింది. నాలుగు నెలల కింద కారు బడి గేటుకి రాసుకుంటే ఆ మడ్‌గార్డుకు సాపు చేసి రంగు వేశారు. రంగు వేసినాయన పని ముగించాక సామానంతా బిగించింది తను. పట్టీ కూర్చునే చోట గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది రంగు గీకేయాలి. పని నేర్చిన మొదటి నెలలోనే చెప్పే సంగతి. ఆ రోజు ఎందుకు రుద్దలేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తొందరేమీ ఉన్నట్టు లేదు. ఎవరితోనో కబుర్లు చెబుతూ ఉండి ఉంటాడు.

బానెట్ కింద అలాగే వంగి ఉండిపోయాడు. నడుము పట్టేసినా లేవలేదు. బావ వచ్చి టార్చి వెలుగులోకి తలపెట్టి చూశాడు. అతనూ పాత మెకానిక్కే. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే ఇంకేం. గీకెయ్. బోల్టు బిగించు. దాంతోపాటు నోరు కూడా బిగించుకో."

"ఆవిడ తన కాలునే అనుమానిస్తోంది బావా."

"చూపించావుగా, యాక్సిలరేటర్ మీదే ఉందని. పాత బండి, మొరాయించింది అని రాసివ్వు. అబద్ధం కాదు కదా."

"మొరాయించలేదు. నేను చేశాను."

బావ అతని మొహంలోకి కాక పసుపు చుక్క వైపు చూస్తూ మాట్లాడాడు. "ఒరేయ్, ఇది నీ ఒక్కడి సంతకం కాదు. దానికింద నా షెడ్డు పేరుంది. ఆ రొట్టెలాయన రేపు ఎవరి మీద పడతాడు? నీ మీదా? పద్దెనిమిది మంది ఈ తలుపులోంచి వచ్చి పని చేసుకుని పోతున్నారు. అందరినీ నువ్వు చూస్తావా?" టార్చి ఆర్పేసి, "రాస్తే రాసుకో. నా కాగితం మీద కాదు, నా ముద్రతో కాదు. రాసిన చేత్తో మళ్లీ ఇక్కడ పానా పట్టుకోవద్దు," అన్నాడు.

గురువారం పొద్దున మేస్త్రీ తెల్ల కాగితం మీద రాశాడు. మీటరు అంకెలు, బోల్టు ఫోటోలు, రంగు మీద వాషరు అచ్చు ఫోటో. చివర, 'ఈ బోల్టు బిగించినది నేనే. రంగు గీకకుండా బిగించితిని. రెండు నెలల క్రిందట సరిగా చూడకుండా లోపము లేదని వ్రాసినదియు నేనే.' అక్షరాలు ఎప్పటిలాగే వంకరగా వచ్చాయి. సామాను పెట్టె మూస్తుంటే అక్క వచ్చింది. కాగితం తీసుకుని నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది. లోపలికి వెళ్లి, ముద్ర పట్టుకొచ్చి, పెట్టె మూత మీద కాగితం ఆనించి గట్టిగా అద్దింది.

"ముద్ర లేకపోతే ఎవడు నమ్ముతాడు?"

"బావ..."

"ఆయన సంగతి నేను చూసుకుంటా." సిరా ఆరాలని కాగితాన్ని గాలికి ఊపుతూ, అతని వైపు చూడకుండా అంది: "రేపట్నుంచి నువ్వు రాకు. భోజనం ఇంటికి పంపిస్తా." ఆ తరవాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది.

టీచరమ్మ బడి వరండాలో ఆ కాగితం చదివింది. పిల్లలు లోపల ఎక్కం అప్పజెబుతున్నారు. ఆమె తిడుతుందని అతను సిద్ధపడి వచ్చాడు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఎంత సేపటి పని అది? గీకడం."

"అర నిమిషం."

తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "ఈ కాగితం నాకిస్తే సరిపోదు," అంది చివరికి. "నాతో ఆస్పత్రికి రండి. నేను చెబితే వాళ్లు నమ్మరు. ప్రతి ఆదివారం వెళుతున్నాను. ఆయన పైకప్పు చూస్తాడు. ఆయన భార్య గోడ వైపు తిరుగుతుంది."

చూడనిచ్చే వేళ సాయంత్రం నాలుగింటికి. పొడుగాటి గది, రెండు వరసల మంచాలు. రొట్టెలాయన చివరి మంచం మీద ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. లోపల చీము పట్టి రెండోసారి కోశారట. కాలికి తాడు కట్టి, మంచం చివర బరువులు వేలాడదీశారు. భార్య ఉతికిన బట్టలు మడతపెట్టి పక్కనున్న స్టూలు మీద పేరుస్తోంది. టీచరమ్మను చూడగానే మామూలుగానే గోడ వైపు తిరిగింది.

మేస్త్రీ మంచం కాళ్ల దగ్గర నిలబడి చెప్పాడు. బోల్టు గురించి, రంగు గురించి, మలుపులో ఇంజిన్ ఒరగడం గురించి. ఆ తరవాత బండి పడే స్థితిని షెడ్డులో ఏమంటారో ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తాడుకు కట్టిన కాలు చూసి మింగేశాడు. "బండి ఆగినంత పనవుతుంది," అన్నాడు. "ఈవిడ బ్రేకు ముట్టుకోలేదు. తప్పు నాది."

రొట్టెలాయన పైకప్పు నుంచి చూపు దించాడు. అయితే మేస్త్రీని చూడలేదు. టీచరమ్మను చూశాడు.

"నిజంగా బ్రేకు వెయ్యలేదా మేడం?"

"లేదు బాబూ."

అతను మోచేతుల మీద కొంచెం పైకి లేచాడు. "నాకు ఎర్రలైటు కనబళ్లేదు. వెనక బ్రేకు లైటు వెలగలేదు. చూశాను, వెలగలేదు."

భార్య చేతిలో మడత ఆగిపోయింది.

"మరి పోలీసులకి..." అంది టీచరమ్మ.

"వాళ్లు అడిగారు మేడం. ఆవిడ బ్రేకు వేసింది కదా, లైటు చూశావు కదా అని. రోజూ మూడున్నరకే లేస్తాను. లైటు కనబడలేదంటే నేను కునుకు తీసినట్టేగా? నిద్రపోయి గుద్దానంటే పనిలోంచి తీసేస్తారు. నేనే నిద్రపోయాననుకున్నా. అందుకని..." కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకుని నలిపాడు. "చూశానని చెప్పేశా. వెలిగింది, చూశాను అని వేలిముద్ర వేశా. మీరు ప్రతి ఆదివారం పళ్లు పట్టుకొచ్చి నిలబడుతుంటే నాకు మీ మొహం చూడబుద్ధయ్యేది కాదు."

టీచరమ్మ మంచం పట్టీ పట్టుకుంది. పడిపోతుందేమోనని మేస్త్రీ చెయ్యి చాచాడు గానీ తాకలేదు. రొట్టెలాయన భార్య మొగుడి వైపు ఒకసారి, టీచరమ్మ వైపు ఒకసారి చూసింది. ఆ తరవాత స్టూలు మీది బట్టలన్నీ ఒక్క ఊపులో తీసి మంచం మీద పడేసింది. మడతలు విడిపోయినా పట్టించుకోలేదు. స్టూలును కాలితో ముందుకు జరిపింది.

"కూర్చోండమ్మా," అంది.

టీచరమ్మ కూర్చుంది. కాసేపటికి రొట్టెలాయన, "విచారణ రేపేనా?" అని అడిగాడు. ఆమె ఔనంది. "ఎవరినైనా పంపించమనండి. చెబుతాను," అన్నాడు. తాడు వైపు చూసి, "ఈ కాలు అంగుళం తగ్గుతుందంట మేడం. ఇవ్వాళే చెప్పారు," అన్నాడు, అది కూడా విచారణకు పనికొస్తుందేమో అన్నట్టు.

ఆమె ఏదో చెబుతోంది. రొట్టెలాయన భార్య వింటూ ముక్కు తుడుచుకుంటోంది. ముగ్గురూ దగ్గరగా వంగి మాట్లాడుకుంటున్నారు. మేస్త్రీ మంచం కాళ్ల దగ్గరే ఉన్నాడు. ఇనుప బరువులు అతని మోకాలికి జానెడు దూరంలో వేలాడుతున్నాయి. తగిలితే తాడు కదులుతుందని ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్లమనీ అనలేదు. గంట కొట్టి బయటివాళ్లను పంపించేదాకా అలాగే ఉన్నాడు.